కుంకుమ పెట్టిన ఫ్లాపీ

ముప్పై ఏళ్ల పైమాటే, ఇది నా గొంతులోనే ఉండిపోయింది. భార్యకి చెప్పలేదు, స్నేహితులకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పిరికివాడి ధైర్యం ఇంతవరకే.

ఎనభైల చివర్లో అమలాపురంలో ఓ కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో మాస్టారుగా ఉండేవాణ్ణి. ఉన్నది ఒకటే కంప్యూటరు. చెప్పులు బయట విడిచి రావాలి. రాసిన ప్రోగ్రాములు దాచుకునేది ఫ్లాపీ బిళ్లల్లోనే, కంప్యూటర్లో ఏదీ మిగిలేది కాదు. విద్యార్థుల ఫ్లాపీలు ఇంటికి పంపేవాళ్లం కాదు. అన్నీ నా బీరువాలో, తాళం చెవి నా జేబులో. ఆ తాళం చెవి చూసుకుని నాకెంత మిడిసిపాటో.

కరుణ రాజోలు నుంచి బస్సులో వచ్చేది. వాళ్ల నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు. ఊరి పేరు కొడితే అక్కడికెళ్లే బస్సుల టైములన్నీ తెర మీదికొచ్చే ప్రోగ్రాం ఒకటి నెలల తరబడి కూర్చుని రాసింది. దసరా వెళ్లాక చూస్తాననీ, నచ్చితే ఆమెని అసిస్టెంటుగా పెట్టుకుంటాననీ డైరెక్టరు గారు మాటిచ్చారు. ఇంకో ఫ్లాపీలో కూడా దాచుకుంటానని నన్నడిగింది. ఫ్లాపీలేమైనా కొబ్బరి చెట్లకి కాస్తున్నాయా అన్నాను.

ఆయుధపూజ నాడు కంప్యూటరుకి, ప్రింటరుకి గంధం, కుంకుమ పెట్టాం. అక్కడితో ఆగొచ్చుగా? ఆ పిల్లకి ఉద్యోగం రావాలని బీరువాలోంచి ఆమె ఫ్లాపీ తీసి, దానికీ ఇంత తడి గంధం పూసి బొట్టు పెట్టాను. ఆమె చర్చికి వెళ్లే పిల్లన్న సంగతి కూడా తట్టలేదు. లోపలి రేకు కనబడే సందులోకి గంధం దిగిపోయింది. ఫ్లాపీ మీద వేలు పెట్టకూడదని రోజూ పాఠం చెప్పే మాస్టారిని నేను.

సెలవులయ్యాక చూస్తే కంప్యూటరు దాన్ని చదవలేదు. గుడ్డతో తుడిచాను, ఇంకా పాడైంది. అప్పుడైనా వెళ్లి చెప్పాలి కదా? చెప్పలేదు. ఆ ఫ్లాపీని కాలవలో పారేసి, కొత్తది తీసి, దాని మీద ఆమె పేరు రాసి బీరువాలో పెట్టాను. ఆమె అడిగినప్పుడు లేని ఫ్లాపీ నా పరువు కోసం మాత్రం దొరికింది.

డైరెక్టరు గారి ముందు అది పెట్టి చూశాం. అంతా ఖాళీ. కరుణ నాకేసి తిరిగింది.

“సేవ్ చేసేనండీ మాస్టారూ. మీ ముందరే చేసేను కదండీ.”

“చేసుంటే ఉండేది కదమ్మా.”

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. పండక్కి ముందు, సేవ్ చేసిన వెంటనే, షిఫ్టు నొక్కిపట్టి ప్రింట్ స్క్రీన్ మీట కొట్టి, తెర మీదున్నది ఉన్నట్టుగా అచ్చు తీసుకుంది. ఆ కిటుకు నేర్పింది నేనే. ఫ్లాపీలో ఏమేం ఉన్నాయో చూపే జాబితా అది, ఆమె ప్రోగ్రాం పేరు అందులో స్పష్టంగా ఉంది.

“ఇదేవిటండీ మాస్టారూ?” అన్నారు డైరెక్టరు గారు.

“కాగితం మీద ఏదైనా అచ్చెయ్యొచ్చండీ,” అన్నాను.

“ఆయ్, అదీ నిజమేనండీ,” అన్నారాయన. కాగితం చేతిలోకైనా తీసుకోలేదు. కంప్యూటరు ఆన్ చేయడం కూడా రాని మనిషి, నా మాట మీద ఒక్క ప్రశ్న వేయలేదు. ఆడపిల్ల రుజువు పట్టుకొచ్చినా చూడ్డానికి బద్ధకం, మగాడి అబద్ధం వినడానికి మాత్రం చెవులు సిద్ధం. చుట్టూ నిలబడ్డ స్టాఫూ, విద్యార్థులూ అంతా తలూపారు. వాళ్లందరి మీదా నాకిప్పటికీ కోపమే. కానీ వాళ్లని తిట్టుకుంటూ ఇన్నాళ్లూ నన్ను నేను తప్పించుకున్నాను.

కరుణ మళ్లీ రాలేదు. ఉద్యోగం డైరెక్టరు గారి బావమరిదికి వెళ్లింది. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా, సేవ్ చేయడం మరిచిపోయి ఉద్యోగం పోగొట్టుకున్న అమ్మాయి కథ చెప్పి ఆయన నవ్వించేవారు. ఆయన ఊళ్లో లేనప్పుడు ఆ కథ నేనే చెప్పాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఎందుకు చేశాను? నా ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. మహా అయితే గంధం పూసిన మాస్టారని నాలుగు రోజులు నవ్వుకునేవారు. ఆ నాలుగు రోజుల నవ్వు పడలేక, ఏళ్ల తరబడి ఆమెని నవ్వులపాలు చేశాను.

ఆమె సేవ్ చేసింది. పాడుచేసింది నేను. అబద్ధమాడిందీ నేనే. ఇది రాశాక గుండె కాస్త తేలికపడిన మాట నిజం. అందుకే ఒళ్లు మండుతోంది. ఈ కాస్త హాయి కూడా నాకే దక్కింది. ఆమెకేం దక్కింది?