లెవెల్ దించని మేడం

మా మేడం పోయారు. ఆదివారం పొద్దున చర్చికి తయారై, చెప్పులు వేసుకుందామని కుర్చీలో కూర్చున్నవారు అలాగే పక్కకి ఒరిగిపోయారట. కాకినాడలో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వాళ్ల చెల్లెలు ఫోన్ చేశారు. "గుండె ఆగిపోయిందన్నారమ్మా డాక్టరు గారు" అన్నారావిడ. నాకు వెంటనే ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అది ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియరు. ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసరుగా పనిచేశారు. ఇంజనీర్లు గీసిన ప్లాన్ల మీద పల్చటి కాగితం పరిచి, ఇంకు పెన్నుతో మళ్లీ గీసే ఉద్యోగం అది. కంప్యూటర్లు వచ్చాక ఆవిడ బల్లని కిటికీ దగ్గర్నుంచి తీసి బీరువాల పక్కకి నెట్టేశారు. రిటైరయ్యాక, కట్టబోయే భవనాన్ని కంప్యూటర్లో మోడల్‌గా నిలబెట్టే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఆవిడే ఒక కోచింగ్ సెంటరుకి వెళ్లారు. "ఈ వయసులో ఎందుకండీ?" అన్నాడట అక్కడి సారు. "ఈ వయసు మళ్లీ రాదు కదండీ, అందుకే" అని ముందు వరసలో కూర్చున్నారట. రెండేళ్లు తిరిగేసరికి రాజమండ్రిలో మేడ మీద ఒక గది తీసుకుని, నాలుగు కంప్యూటర్లతో మాలాంటి వాళ్లకి నేర్పడం మొదలుపెట్టారు.

డిప్లొమా పట్టుకుని వెళ్లిన మొదటి రోజే నేను గంటలో ఒక ఇల్లు గీసి చూపించాను. ముందు చెట్టు, పోర్టికోలో ఎర్ర కారు కూడా పెట్టాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూశారు.

"బాగుందమ్మా. ఈ ఇల్లు దేని మీద నిలబడింది?"

"నేల మీదండి."

"ఆ నేల ఎక్కడుంది? రోడ్డుకి పైనా, కిందా?"

నేను స్క్రీన్ మీద రోడ్డు కోసం వెతికాను. ఆవిడ ఫైలు సేవ్ చెయ్యకుండా మూసేశారు.

"ముందు లెవెల్స్ పెట్టు. రోడ్డు ఎంతలో ఉంది, గచ్చు ఎంతలో ఉంది, శ్లాబు ఎంతలో ఉంది. గోడల్ని ఆ గీతలకి కట్టెయ్. రేపు ఇంటాయన శ్లాబు అరడుగు లేపమంటే ఒక్క గీత జరిపితే చాలు, గోడలన్నీ వాటంతటవే లేస్తాయి. చెట్లూ కార్లూ చివర్న."

ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ టేపు ఉండేది. బస్సు మెట్టు, టీ కొట్టు బల్ల, ఏది కనిపించినా కొలిచి అరచేతిలో రాసుకునేవారు. గోడకి ఇటుక మందం వేరు, ప్లాస్టరింగ్ మందం వేరు పెట్టకపోతే ఒప్పుకునేవారు కాదు. మెట్లున్న చోట మోడల్ని నిలువుగా కోసినట్టు సెక్షన్ తీసి, తల బీముకి తగులుతుందో లేదో చూడకుండా ఫైలు ఎవరికీ పంపనిచ్చేవారు కాదు. పెద్ద మార్పు చేసే ముందు ఫైల్ని కొత్త పేరుతో సేవ్ చేసుకోమనేవారు. వార్నింగ్ వస్తే ఓకే నొక్కి పారిపోవద్దనేవారు. "హైడ్ నొక్కితే తప్పు స్క్రీన్ మీద పోతుంది. సైటులో పోదు" అనేవారు.

గోదావరి మధ్యలో ఒక లంక ఊరివాళ్లు బడికి రెండు గదులు కట్టుకుంటూ, మోడల్ చేసిపెట్టమని అడిగారు. మేడం నన్ను తీసుకుని పడవలో వెళ్లారు. పాత వరద ఎంత వచ్చిందో అడిగితే ఒక మామ్మ తన ఇంటి గోడ చూపించింది. మరక మామ్మ ఛాతీ ఎత్తులో ఉంది. "నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయమ్మా" అని మామ్మ మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టింది. మేడం మరకని కొలిచారు. మోడల్లో ఆ ఎత్తున నీలం గీత పెట్టి, "వరద" అని పేరు రాసి, మౌస్ తగిలినా కదలకుండా లాక్ చేశారు. గదుల గచ్చు దానికి బెత్తెడు పైన పెట్టారు.

గదులు కట్టే కాంట్రాక్టరుకి అది నచ్చలేదు. అంత ఎత్తుకి మెరక మట్టి ఎవరు తోలతారన్నాడు. "బడి ప్లానులో వరద గీత ఎందుకండీ? జనం భయపడతారు. తీసెయ్యండి" అన్నాడు.

"భయపడాలనే గీశానండి" అన్నారు మేడం.

ఊరంతా పాత బడిలో కూర్చుంది. మేడం గోడకి తెల్ల దుప్పటి కట్టించి, ప్రొజెక్టరుతో మోడల్ వేసి చూపించారు. మోడల్లో బెంచీ మీద ఒక పాప బొమ్మ కూర్చుని ఉంది. లాక్ తీసింది గచ్చు గీతకి మాత్రమే. మౌస్ కాంట్రాక్టరు ముందుకి జరిపి, "మీకెంత కావాలో మీరే దించండి" అన్నారు.

అతను నవ్వుతూ మూడడుగులు కిందికి లాగాడు. గోడలూ, కిటికీలూ, బెంచీ, పాపా అన్నీ దిగాయి. నీలం గీత ఎక్కడిదక్కడే ఉంది. అది పాప మెడ దగ్గర ఆగింది.

మామ్మ దుప్పటి దగ్గరకొచ్చి అడిగింది, "ఆ పిల్ల ఎవరి పిల్లమ్మా?"

"మీ ఊరి పిల్లేనండి" అన్నారు మేడం.

గచ్చు నీలం గీతకి పైనే కట్టారు. ఆ కాంట్రాక్టరు మాత్రం తెలిసినవాళ్లందరికీ చెప్పి, ఏడాది పాటు ఆవిడకి ఒక్క పని రాకుండా చేశాడు. నేను దిగులుపడితే, "ఖాళీ దొరికింది కదా, ఇంకో బ్యాచ్ పెడదాం" అన్నారు. పెట్టారు కూడా.

తర్వాత వరద వచ్చింది. ఊళ్లో పిల్లల్నీ బియ్యం బస్తాల్నీ ఆ గదుల్లోకే చేర్చారు. నీళ్లు గదుల్లోకీ వచ్చాయి, చీలమండల దాకా. పిల్లలు బెంచీల మీద పొడిగా కూర్చున్నారు. మూడడుగులు దించి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. ఊరివాళ్లు దండ తెస్తే మేడం వేయించుకోలేదు. నీళ్లు తీశాక టేపు పట్టుకుని తిన్నగా మామ్మ ఇంటికి వెళ్లారు.

"మీరు చెప్పిన ఎత్తే నిజమండి. నేను గోడని నమ్మాను, మిమ్మల్ని నమ్మలేదు."

"మరక పడేది నీళ్లు నిలిచిన చోటమ్మా. వచ్చి దిగిపోయిన నీళ్లకి మరకేముంటుంది? గడ్డం దాకా నీళ్లలో నా కూతుర్ని నెత్తిన పెట్టుకుని నుంచున్నాను, నాకు తెలీదా?" అంది మామ్మ.

మర్నాడు క్లాసులో మేడం మా అందరి ముందూ ఆ ఫైలు తెరిచారు. "ఇది నా తప్పు. చూసి నేర్చుకోండి" అని గీత పైకి జరిపారు. పక్కన "మామ్మ చెప్పిన ఎత్తు" అని రాశారు. ఎవరి ముందూ లెవెల్ దించని మనిషి, తన తప్పుని మాత్రం ఒక్క రోజు కూడా దాచలేదు. నాకు ఆవిడ ఇచ్చినవాటిలో పెద్దది అదే.

సమాధుల తోటలో నా వెనక ఎవరో అన్నారు, "మంచావిడే గానీ మొండి మనిషండి."

నేను వెనక్కి తిరిగాను. "మంచావిడ కాబట్టే మొండి అండి" అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

బుధవారం గది తాళం తీస్తుంటే ఇంటి ఓనరు పైకొచ్చి, ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగాడు. "ఖాళీ చెయ్యట్లేదండి. క్లాసుంది" అన్నాను. శనాదివారాలు కాకినాడ నుంచి నేను వస్తాను, మిగతా రోజులు పాత బ్యాచ్ వాళ్లు చూసుకుంటారు అని అప్పటికప్పుడు చెప్పేశాను. వాళ్లని ఇంకా అడగనే లేదు. సాయంత్రానికి అందరూ ఒప్పుకున్నారు.

ఆ శనివారం ఒక కొత్తావిడ వచ్చింది. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ, నలభై అయిదు దాటి ఉంటాయి. "నాకు వస్తుందంటారా?" అని అడిగింది. కుర్చీ చూపించాను. కూర్చుని, చెయ్యి కొంగుకి తుడుచుకుని, మౌస్ మీద వేలు ఆనించింది. నొక్కలేదు. "ముందు రోడ్డు లెవెల్ పెట్టండి" అన్నాను. ఊపిరి బిగబట్టి నొక్కింది.