పసుపు అంటని బోల్టులు

మొన్న గుడివాడలో మా లారీకి హెడ్డు విప్పించవలసి వచ్చింది. ఇంజనుకీ, దాని మీద మూతలా బిగించే హెడ్డుకీ నడుమ ఉండే గాస్కెట్టు కాలిపోయి నీళ్ళు నూనెలో కలిశాయి. మేస్త్రీ పాత బోల్టులు చూసి, సాగిపోయాయంటూ అన్నీ తుక్కు డబ్బాలో పడేశాడు. ఎవరి అనుమతీ అడగలేదు. పక్కన కుర్చీలో కూర్చున్న మా అన్నయ్య, పెదనాన్నగారి అబ్బాయి, అక్కడున్న కుర్రాళ్ళకి మళ్ళీ ఆ పాత కథే ఎత్తుకున్నాడు. యుద్ధం రోజుల్లో మా బస్సు నడిపిన బావ, అంటే మా అక్కయ్య భర్త, నీళ్ళు పోయడం మరిచి ఇంజను తగలబెట్టాడన్న కథ.

"ఆయనకి దాహం వేస్తే సోడా కొట్టించుకునేవాడు గాని, బండికి చెంబెడు నీళ్ళు పోసేవాడు కాదర్రా" అన్నాడు.

అందరూ నవ్వారు. బావ పోయి ఇంకా ఏడాది కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కథ అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళు ఊరుకున్నాను.

మా పెదనాన్నగారికి గుడివాడ నుంచి బందరుకి తిరిగే బస్సు ఒకటుండేది. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసు మీద నడిపేవాళ్ళం. బావ డ్రైవరు, నేను ఫిట్టరుని. అంతకుముందు హెడ్డు విప్పినప్పుడే బోల్టుల మెడలు సన్నబడడం చూసి, ఎంతో తిప్పలుపడి మద్రాసు నుంచి కొత్తవి తెప్పించాను. అవి దసరా ముందు చేరాయి. ఇంకేముంది, నవమినాడు ఆయుధపూజకి, బోల్టులు బిగించే పానాలతో పాటు వాటినీ పళ్ళెంలో పేర్చి అమ్మవారి పటం ముందు పెట్టారు. ఒక్కో బోల్టు తలకీ పసుపు రాసి బొట్టు పెట్టింది బావే.

పూజ అయ్యాక బస్సుకి నిమ్మకాయలు కట్టి ఊరు చుట్టి రమ్మన్నారు. ఆ చుట్టులోనే గాస్కెట్టు పోయింది. కొత్త గాస్కెట్టు షెడ్డు గోడకి వేలాడుతూ ఉండడం వల్ల పూజలోకి చేరలేదు, అదొక్కటే అదృష్టం. బోల్టులు అడిగితే పెదనాన్నగారు కళ్ళెర్ర చేశారు.

"దశమి మధ్యాహ్నం దాకా ఉద్వాసన లేదు. పూజలో ఇనుము కదిపితే ఇంటికి అరిష్టం. పక్క షెడ్డువాళ్ళని పానాలు అడుగు, పాత బోల్టులే బిగించు. ఇన్నాళ్ళు పట్టినవి ఒక్క ట్రిప్పు పట్టవా?"

మన ఇనుముకి సెలవట, పక్కవాళ్ళ ఇనుముతో పని చేయించుకోవచ్చట. ఆ శాస్త్రం ఆయనకి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. దశమి పొద్దున బందరు దసరాకి వెళ్ళే జనం కోసం బస్సు కదలాలి, అంతే. పాత బోల్టు ఒకటి పట్టుకెళ్ళి పూజగదిలో పళ్ళెం మీదికి వంగి, కొత్తదాన్ని ముట్టకుండా దాని పక్కనే పట్టి చూపించాను. పాతది కంటికి తెలిసేంత పొడుగు సాగింది. ఆయన చూడనైనా చూడలేదు. నేను వెళ్ళి ఆ పాతవే బిగించాను. ఎంత తిప్పినా బిగువు నిలవక పానా జారుతూనే ఉంది.

తెల్లవారి బస్సెక్కబోతూ, కొత్త బోల్టులేనా అని బావ అడిగాడు. పెదనాన్నగారు పక్కనే నిలబడి ఉన్నారు. అవునని, ఆయన వెనకాలే నేనూ బస్సెక్కాను.

గుడ్లవల్లేరులో బావ బండి ఆపి, కాలవలోంచి కిరసనాయిలు డబ్బాతో నీళ్ళు తెచ్చి రేడియేటరు నిండా పోశాడు. బస్సు నిండా ఉన్న జనం చూశారు. తరవాత వాళ్ళనెవరూ అడగలేదు. బొగ్గు బస్సుకి పొగ ఎప్పుడూ ఉండేదే కాబట్టి, పాత బోల్టుల పట్టు చాలక మళ్ళీ పోయిన గాస్కెట్టులోంచి నీళ్ళన్నీ ఆవిరవుతున్న సంగతి పెడన దాటేదాకా తెలియలేదు. అద్దకం బట్టలు ఆరేసిన మైదానం పక్కన ఇంజను ఒక్కసారి మూలిగి బిగుసుకుపోయింది. జనం తిట్టుకుంటూ బందరు వైపు నడిచారు. బావ బానెట్టెత్తి, గుడ్డతో బోల్టుల తలలు తుడిచి చూశాడు.

"నా చేత్తో రాసిన పసుపు ఏదిరా?" అన్నాడు.

ఆయన గుడ్డ మడిచి నా చేతికిచ్చి బానెట్టు దించేశాడు.

పెదనాన్నగారు వచ్చి, ఎండిన రేడియేటరు చూసి, నలుగురిలో బావని ఒళ్ళు తెలియని వెధవ అన్నారు. బావ తల వంచుకున్నాడు. బోల్టుల మాట ఎత్తితే ఆ ఇంట్లో నాకు తిండి పుట్టదని బావకి తెలుసు. బోల్టుల సంగతి పెదనాన్నగారికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరు మెదపలేదు. బావ మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. ముదినేపల్లి దగ్గర ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర నిలబడి బతుకు వెళ్ళదీశాడు. కొత్త బోల్టులు మాత్రం వేయడానికి ఇంజను లేక, ఏటా దసరాకి పసుపు రాయించుకుంటూ పళ్ళెంలోనే ఉండిపోయాయి.

ఈ కాలం పిల్లలకి పెద్దల మాటంటే లెక్కలేదని నా ఈడువాళ్ళు వాపోతుంటారు. నాకు ఆ మాట అనడానికి నోరు రాదు. మొన్న ఆ మేస్త్రీ పాత బోల్టులు విసిరికొట్టిన చప్పుడు వింటే, ఆనాడు నా చేతికి అంత తెగువ ఎందుకు లేకపోయిందా అనిపించింది. మొన్న కూడా లేదు. అన్నయ్య మాటకి అడ్డుపడకుండా ఇంటికొచ్చి ఇలా కాగితం మీద కోపం తీర్చుకుంటున్నాను.

ఎవరైనా ఆ బస్సు మాటెత్తితే అక్కయ్య ఇప్పటికీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. రేపు అన్నయ్యని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. ఈసారి ఆ కథ నేను చెబుతాను, అన్నయ్య వింటాడు. అక్కయ్య లేచి లోపలికి వెళ్ళక్కర్లేదు.