నెవిల్ కారు కుడికే ఎందుకు లాగేది

కాడీనా ఊరి రిమోట్ కార్ల క్లబ్బులో నెవిల్ ట్రెగెంజాకి రెండు పేర్లున్నాయి. ఎదురుగా పిలిచేది నెవ్ అని, చాటున పిలిచేది త్రాసు అని. చాటున అన్నానే గానీ అక్కడ చాటెక్కడుంది? పాత నెట్‌బాల్ కోర్టు తారు మీద గీసుకున్న ట్రాక్, పక్కన రేకుల షెడ్డు, అంతే. ఆయనకీ వినిపించేది. వినిపించినందుకు లోలోపల మురిసిపోయేవాడు కూడా.

పక్కూరు మూంటాలో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. బొద్దుగా ఉన్న పిల్లలందర్నీ ఒకే వైపు కూర్చోనిచ్చేవాడు కాదని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ చాదస్తం బస్సు దిగాక మోచెయ్యంత కారు మీద పడింది. ఈ బుల్లి కార్లలో బ్యాటరీ ఒక పక్క, మోటారు ఒక పక్క ఉంటాయి. బరువు సమానంగా లేకపోతే కారు ఒక వైపు చక్కగా తిరిగి, రెండో వైపు మొండికేస్తుంది. అందుకని అందరూ తూకం చూసుకుంటారు, టీ చల్లారేలోపు ముగించేస్తారు. నెవిల్‌కి శనివారమంతా కావాలి. వంటింటి బల్ల మీద నాలుగు చక్రాల కింద నాలుగు చిన్న త్రాసులు పెట్టి, గాలానికి కట్టే సీసం గుండ్లని సుత్తితో పల్చగా సాగగొట్టి, గోరుముక్కంత కత్తిరించి అంటించేవాడు.

"గ్లెనిస్, కాస్త ఊపిరి బిగబట్టు. అంకె కదులుతోంది."

"పెళ్లయిన దగ్గర్నించీ బిగబట్టే ఉన్నాను, ఇంకెంత బిగబట్టను?" అనేది ఆవిడ, అదే బల్లకి అవతలి చివర, లోపల కూర పెట్టి కాల్చే పాస్టీల పిండి వత్తుకుంటూ. ఆవిడెప్పుడూ ఆ చివరే వత్తేది. కిటికీ వైపు మూలకి పిండి తెచ్చేది కాదు. ఎందుకని నెవిల్ ఏనాడూ అడగలేదు. త్రాసులు చూస్తున్న మనిషికి పెళ్లాం ఎక్కడ నిలబడితేనేం?

ఇంత చేసి ఆదివారం ట్రాక్ మీద వదిలితే కారు కుడికి లాగేది. ఎడమ మలుపు రాగానే వెళ్లి అంచు గోడకి గుద్దుకునేది. టైరు బాగోలేదనేవాడు. సముద్రం గాలి అనేవాడు. ఒకసారి ఎండ ఎక్కువైందన్నాడు, మరోసారి మబ్బు పట్టిందన్నాడు. తూకం మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాడు కాదు.

క్లబ్బులో వేగాన్ని బట్టి ఎ, బి, సి అని మూడు ఫైనళ్లు. ముందు నెమ్మదివాళ్ల సి నడుస్తుంది. తన పందెం అయిపోయినవాడు, నిలబడి కారు నడిపే మంచె దిగి, తర్వాతి పందెంలో మలుపు దగ్గర నిలబడి బోల్తాపడిన కార్లని లేపాలి, అది అక్కడి ఆచారం. నెవిల్ ఎప్పుడూ సి. కాబట్టి బి ఫైనలంటే ఆయనకి నడుం నొప్పి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బి ఫైనల్ని మలుపులో వంగి కాకుండా మంచె మీద నిలబడి చూడాలని ఆయన కోరిక. చూపు మందగిస్తోంది. ఇంకెన్నాళ్లు ఆడగలడో తెలీదు. ఆ మాట ఎవరితోనూ అనేవాడు కాదు, గ్లెనిస్‌తో తప్ప.

ఆ ఏటి ఆఖరి పందెం రోజున గ్లెనిస్ క్యాంటీన్ కోసం పాస్టీలు పట్టుకుని తనూ వచ్చింది. మొదటి అర్హత పరుగులోనే కారు ఎడమ మలుపులో గోడెక్కింది. నెవిల్ దాన్ని చంకన పెట్టుకుని షెడ్డులోకొచ్చి గాలిని తిట్టడం మొదలుపెట్టాడు.

"గాలిని వదిలెయ్ పెద్దాయనా, అది మా కార్ల మీదా వీస్తోంది," అంది కెరిన్ పాస్కో. ఊళ్లో జుట్టు కత్తిరించే దుకాణం ఆమెది, బి లో తిరుగులేని మనిషి. "ఇలా తే."

ఆమె బల్ల మీద మందపాటి అద్దం పలక పరిచి ఉంది. కారుని దానిమీద పెట్టి, ముందు భాగానికి సరిగ్గా మధ్యలో కింద స్క్రూడ్రైవర్ మొన ఆనించి మెల్లగా ఎత్తింది. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఎడమ చక్రం హాయిగా గాల్లోకి లేచింది. కుడిది అద్దానికి అతుక్కుని కూర్చుంది.

"నీ అద్దం వంకర," అన్నాడు నెవిల్.

కెరిన్ మేస్త్రీలు వాడే మట్టం తెచ్చి అద్దం మీద పెట్టింది. బుడగ నడిమధ్యన నిలబడింది. నెవిల్ తన త్రాసులే తీసి అద్దం మీద పరిచి, వాటి మీద కారు నిలబెట్టి చూశాడు. కుడి ముందు చక్రం దగ్గర అంకె మిగతా వాటికంటే బాగా పైనుంది.

"ఇంట్లో సమానంగా ఉందే!"

"అయితే ఇంట్లో బల్ల వంకర. కుడి చక్రం పెట్టే మూల కిందికి వాలి ఉంటే చక్రం సరిగ్గా ఆనక త్రాసు తక్కువ చూపిస్తుంది, నువ్వు దానికి సీసం మేపుతున్నావు. ఏ దుకాణంలో కొన్నావయ్యా ఆ బల్ల?"

కొన్నది కాదు. పెళ్లైన మొదటి చలికాలమంతా కూర్చుని, ఎర్ర యూకలిప్టస్ చెక్కని చిత్రిక పట్టి, గ్లెనిస్ కోసం నెవిల్ స్వయంగా చేసిన బల్ల అది.

ఆయన మెల్లగా గ్లెనిస్ వైపు తిరిగాడు. ఆవిడ పాస్టీల మీద గుడ్డ తెగ సర్దుతోంది.

"నీకు తెలుసా?"

"మొదటి క్రిస్మస్ నించి. బఠాణీలన్నీ కిటికీ మూలకి దొర్లిపోలేదూ?"

"మరి చెప్పలేదేం!"

"చేతులు బొబ్బలెక్కేలా చేశావు, ఏమని చెప్పను? అప్పట్లో నీకీ కార్ల పిచ్చి లేదుగా. ఆ తర్వాత చెబితే, మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటావు."

"ఇన్నేళ్లూ సి లో ఉన్నాను గ్లెనిస్!"

"నీ డ్రైవింగ్ వల్లనుకున్నాను," అంది ఆవిడ. షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారందరూ.

నెవిల్ కారు వైపు చూశాడు. సీసం ఊడదీస్తే తన బల్ల వంకరని పదిమందిలో ఒప్పుకున్నట్టే. ఊడదీయకపోతే మళ్లీ సి, మళ్లీ నడుం నొప్పి. కాసేపు ముక్కు గోక్కున్నాడు. తర్వాత గోటితో ఒక్కొక్క రేకూ పీకి అద్దం మీద పెట్టాడు.

రెండో పరుగులో కారు ఎడమ మలుపు తిరిగింది. తిరిగిందంతే, నెవిల్‌కి అదే చాలు. బి లో ఆఖరి స్థానం దొరికింది. ఫైనల్లో కూడా ఆఖర్నే వచ్చాడు, కెరిన్ కారు ఆయన్ని దాటుకుంటూ పోయినప్పుడల్లా ఆమె మంచె మీదే మర్యాదగా "నమస్కారం పెద్దాయనా" అంటుంటే. మలుపులో గ్లెనిస్ నిలబడింది, సి వాడొకడి దగ్గర, కార్లు లేపేవాళ్లు వేసుకునే పసుపు చొక్కా అడిగి తొడుక్కుని. ఒకసారి కారు బోల్తా పడితే పరుగెత్తి వెళ్లి లేపింది.

సాయంత్రం ఇంటికి రాగానే నెవిల్ పెరటి షెడ్డులోంచి చిత్రిక తెచ్చాడు. గ్లెనిస్ బల్లకి అడ్డం నిలబడింది. "నా బల్ల పందేలకి పోదు. దాని జోలికొచ్చావంటే ఊరుకోను."

ఆయన చిత్రిక కింద పెట్టాడు. ఆవిడ రెండు గిన్నెల్లో బఠాణీ సూప్ పోసి, ఎప్పట్లాగే కిటికీ మూల కుర్చీ వైపు నడిచింది. అది ఆవిడ చోటు. పెళ్లైన దగ్గర్నించీ ఆ మూల ఆవిడే కూర్చుంటోందని నెవిల్‌కి అప్పుడు తట్టింది. గబగబా వెళ్లి ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు. ఆవిడ ముందు పెట్టిన గిన్నెలో సూప్ ఒక పక్కకి ఒరిగి అంచు దాకా వచ్చింది, మెల్లగా ఒళ్లోకి కారింది.

"చల్లగా ఉందా, వేడిగా ఉందా?" అని అడిగింది గ్లెనిస్.

"సరిగ్గానే ఉంది," అన్నాడు నెవిల్, కదలకుండా తింటూ.