మేజోడు తొడిగిన సీసా

లిఫ్టాయనకి అసలు పేరొకటి ఉంది గానీ, భార్యకి కోపమొచ్చినప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తుకు రాదు. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టులు ఎక్కీ దిగుతున్నాయంటే ఆయన చేతి చలవే. మెట్లెక్కలేని ముసలమ్మలు ఆయన్ని దీవిస్తారు, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళు దుమ్మెత్తి పోస్తారు. రెండింటికీ ఆయన జవాబు ఒకటే, ‘సరే సరే’.

ఈ పని ఆయనకి నేర్పింది అన్నయ్య. ఇద్దరూ కలిసే మొదలుపెట్టారు. లిఫ్టు పని ఒంటిచేత్తో అయ్యేది కాదు. ఒకడు మేడ పైన మోటారు గదిలో ఉంటే ఇంకొకడు అడుగున గోతిలోకి దిగాలి. పైవాడు కరెంటు తీసేసి ‘ఆపాను రా’ అని కేకేస్తే, కిందివాడు ఆ ఒక్క మాట నమ్మి ఇనప పెట్టె కింద తల పెట్టాలి. అన్నయ్య ఎప్పుడూ పైన, తమ్ముడు ఎప్పుడూ కింద. అన్నయ్య ‘ఆపాను’ అన్నాక లిఫ్టు వెంట్రుకవాసి కదిలిన పాపాన పోలేదు. అందుకని లిఫ్టాయనకి అన్నయ్య మాటంటే రాతి మీద గీత.

వాళ్ళకి దొరికిన మొదటి పెద్ద పని ఒక ఆసుపత్రి లిఫ్టు. అది నడిచిన రోజున ఆసుపత్రి యజమాని సంబరపడిపోయి ఇద్దరికీ కలిపి ఒక విస్కీ సీసా బహుమానం ఇచ్చాడు. మంచి వయసున్న సరుకు. తమ్ముడు అక్కడికక్కడే మూత తిప్పబోతే అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగరా, దీనికేమన్నా కాళ్ళున్నాయా పారిపోవడానికి? ఇద్దరం పనిముట్లు కింద పెట్టేసిన రోజున తీరిగ్గా కూర్చుని తాగుదాం. సగం నీది, సగం నాది.”

అని మోటారు చుట్టే రాగి తీగ ముక్క ఒకటి తీసి, మూత మీదుగా గట్టిగా బిగించాడు. సీసా తమ్ముడి దగ్గర ఉండిపోయింది.

ఆ తరవాత జరిగింది తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది. ఒకరోజు పొద్దున్నే తమ్ముడు ఎప్పటిలాగే ఆసుపత్రి మోటారు గదికి వెళ్ళేసరికి అన్నయ్య అప్పటికే అక్కడున్నాడు. ఒంటి మీద ఏదో పెద్ద కంపెనీ నీలం చొక్కా. “ఇకనుంచీ దీన్ని మా కంపెనీ చూసుకుంటుందిరా” అన్నాడు, మోటారు వంక చూస్తూ. అన్నయ్య నోట ‘మా’ అంటే తామిద్దరమేనని ఇన్నాళ్ళూ అనుకున్న తమ్ముడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. ముందురోజు సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా మహానుభావుడు! ఊహూఁ. ఆ చొక్కా అప్పటికే ఇస్త్రీ అయ్యి ఇంట్లో ఉండి ఉంటుంది.

ఆనాటి నుంచీ మాటల్లేవు. ఎక్కడైనా ఎదురుపడితే ఒకరు ఫోను చూసుకునేవారు, ఇంకొకరికి అప్పుడే దాహం వేసేది. కానీ ఆ సీసా మూత మాత్రం లిఫ్టాయన తియ్యలేదు. సగం తనది కాదు కదా మరి. పోనీ ఇంట్లో పెట్టుకుందామంటే అల్లుడున్నాడు. మంచివాడే పాపం, కాకపోతే మూత ఉన్న సీసా కనబడితే చేతులు కట్టుకుని కూర్చోలేడు. అందుకని తీసుకెళ్ళి విస్కీ క్లబ్బు బీరువాలో పెట్టాడు.

ఆ క్లబ్బు మందుల షాపు మేడమీద గదిలో ఉంది. మందులమ్మే ఆయన మందు క్లబ్బుకి పెద్ద కాక ఇంకేమవుతాడని ఊరంతా నవ్వుకునేది. బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. లిఫ్టాయనకి చిన్ననాటి నేస్తం. అన్నయ్య బీపీ మాత్రలు కూడా ఆ షాపులోనే కొనేవాడు గనక, మాటల్లేని రోజుల్లో అటు కబురు ఇటు చేరేది ఆయన నోటి నుంచే. ఆ నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. లిఫ్టాయన ఆయన్ని నమ్మింది కూడా అందుకే. కడుపులో ఏదీ దాచుకోలేనివాడు మోసమేం చేస్తాడు?

ఈ ఏడు లిఫ్టాయన మోకాళ్ళు మొరాయించాయి. గోతిలోకి దిగగలడు గానీ పైకి రాలేడు. పనిముట్ల సంచీ అటక మీద పెట్టేశాడు. అన్నయ్య అంతకుముందే రిటైరై కూర్చున్నాడు. ఓ సాయంత్రం భార్య ఫోను తెచ్చి చేతిలో పెట్టింది.

“మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా? నేను చేస్తే బావగారి దగ్గర మొదలుపెట్టి మీదాకా వస్తాను. ఇద్దర్నీ కలిపి దులిపేస్తాను” అంది.

లిఫ్టాయన నంబరు నొక్కాడు. అవతల అన్నయ్య గొంతు. ఇన్నేళ్ళ తరవాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, “అన్నయ్యా, ఆ సీసా ఇంకా అలాగే ఉంది” అన్నాడు.

“వస్తాన్రా” అన్నాడు అన్నయ్య. “వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను.”

ఇక చూడాలి ఆ మనిషి సంబరం! కాళ్ళు నేల మీద నిలవలేదు. కొత్తగా రెండు గ్లాసులు కొన్నాడు. పాలవాడికి చెప్పాడు, కొరియరు తెచ్చినవాడికి చెప్పాడు, అల్లుడికి రెండుసార్లు చెప్పి రెండోసారి కాస్త బెదిరించాడు కూడా. మందుల షాపాయనకైతే రోజూ ఇదే పాట, “మా అన్నయ్య వస్తున్నాడోయ్.” విన్నప్పుడల్లా ఆయన మాత్రల అట్టలు సర్దుకుంటూ “మంచిది, మంచిది” అనేవాడు. తల మాత్రం ఎత్తేవాడు కాదు. సంతోషంలో ఉన్నవాడికి ఇలాంటివి కనబడతాయా?

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం క్లబ్బు సాయంత్రం వచ్చింది.

క్లబ్బు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ సీసాలకి కాలి మేజోళ్ళు తొడిగి తెస్తారు, ఉతికినవే లెండి. ఏ మేజోడులో ఏముందో పోసేవాడికి తప్ప ఎవరికీ తెలీకూడదు. ప్రతి సాయంత్రానికీ ఒక అంశం ఉంటుంది, అదీ గుట్టే. ఒకసారి ‘వర్షం’ అని పెట్టుకున్నారు, అన్నీ తడిమట్టి వాసన వేసే సరుకే. ఇంకోసారి ‘పొగచూరిన వంటిల్లు’. ఆ రోజు లెక్కల టీచరమ్మ ఇంటికెళ్ళేసరికి వాళ్ళ అత్తగారు ఎక్కడో ఇల్లు తగలబడిందని కంగారుపడిందట. అందరూ వాసన చూసి, రుచి చూసి, గ్లాసుల్ని వరసలో పెట్టాలి. మెచ్చింది ముందు, నచ్చనిది చివర. చివరి గ్లాసులో మిగిలింది మొహమాటం లేకుండా బకెట్లో పొయ్యాలి. అందరూ గ్లాసులు వరసపెట్టేదాకా పోసేవాడు నోరు విప్పకూడదు. ఈ నియమాలన్నీ పెట్టింది లిఫ్టాయనే. పేరు చూసి తాగేవాడు పేరు తాగుతాడు గానీ విస్కీ తాగడని ఆయన వాదం.

ఆ సాయంత్రం పోస్తున్నది మందుల షాపాయన. బల్ల చుట్టూ లెక్కల టీచరమ్మ, బస్సు డ్రైవరు, మరో ఇద్దరు ముగ్గురు. మందుల అట్టపెట్టెలు గోడవారకి జరిపి, కిటికీ తెరిచారు. తలా మూడు గ్లాసులు. పోస్తుంటే మందుల షాపాయన చెయ్యి వణికి కాస్త బల్ల మీద ఒలికింది.

“ఏమయ్యా, నీ మాత్రలు నువ్వు వేసుకోవడం మానేశావా?” అన్నాడు లిఫ్టాయన. అందరూ నవ్వారు.

మొదటిది తేనెలా ఉందన్నాడు. రెండోది కొత్త తోలు చెప్పుల వాసన వేస్తోందన్నాడు. మూడో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ పెట్టుకుని, ఒక గుక్క నోట్లో తిప్పి మింగాడు.

“ఇది ఒకప్పుడు గొప్ప సరుకేనండీ, పాపం” అన్నాడు. “కానీ ప్రాణం పోయింది. ఎవరో మూత తీసి సగం లాగించేసి, మిగతా సగం నెలల తరబడి వదిలేశారు. సగం సీసా నిండా గాలే కదా, ఆ గాలికి చప్పబడిపోయింది. ఏమయ్యా, ఒకరు తాగి వదిలేసిన ఎంగిలి మాకు పోస్తావా?”

డ్రైవరు పగలబడి నవ్వాడు. లిఫ్టాయన కూడా నవ్వుతూనే ఆ గ్లాసుని చివరికి జరిపి, మిగిలింది కాస్తా బకెట్లో గుమ్మరించాడు. మందుల షాపాయన ఆ బకెట్టు వంకే చూస్తున్నాడు.

“అంశం ఏమిటో మీరే చెప్పండి, నాకు అంతుబట్టడం లేదు” అంది టీచరమ్మ.

“దాచుకున్నవి” అన్నాడాయన. “ఏదో ఒక రోజుకని దాచుకుని, తియ్యకుండా ఉంచుకున్నవి.”

మొదటి మేజోడు లాగాడు. అది డ్రైవరుది, కొడుకు పరీక్ష గట్టెక్కిన రోజుకని దాచింది. కొడుకు చదువు మానేసి హోటలు పెట్టుకున్నాక తనే ఇచ్చేశాడు. రెండోది టీచరమ్మది. మూడో దాని దగ్గర మందుల షాపాయన వేళ్ళు ముడి మీద ఆగిపోయాయి. “ఇటివ్వవయ్యా, తెల్లారేలా ఉంది” అని లిఫ్టాయనే సీసా లాక్కుని మేజోడు ఊడదీశాడు.

తన సీసా. మూత మీద రాగి తీగ లేదు. లోపల అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు కూడా లేదు.

లిఫ్టాయనకి ముందు అర్థం కాలేదు. ఇలాంటి సీసాలు ఇంకా ఉంటాయి కదా అనుకున్నాడు. తిప్పి చూశాడు. సీసా మీది పేరు కాగితం అంచున, ఎన్నడో తన వేలి నుంచి అంటిన గ్రీజు మరక.

“నమ్మి తాళంచెవి నీ చేతికిచ్చాను” అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. “కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి? ఎల్లుండి మా అన్నయ్య వస్తున్నాడు. రోజూ చెప్పాను నీకు. సగం నువ్వు తాగేసి, మిగతా సగం నాచేతే ఎంగిలనిపించి, నాచేతే బకెట్లో పోయించావు. నీకేం అన్యాయం చేశానయ్యా?”

“నేను చుక్క కూడా ముట్టుకోలేదు” అన్నాడు మందుల షాపాయన. కళ్ళు తుడుచుకున్నాడు. “తాగింది మీ అన్నయ్య.”

ఆయన తల వంచుకునే చెప్పుకుపోయాడు. ఏడాది మొదట్లో డాక్టరు అన్నయ్యని ఇక జన్మలో మందు ముట్టుకోవద్దన్నాడట. ఆ చీటీ పట్టుకుని షాపుకొచ్చి, మాత్రలు తీసుకుని, ఆ సీసా తెమ్మన్నాడట. సగం నాదే కదా, మానేసే ముందు నా వాటా నేను తీసుకుంటాను, తప్పేముంది అన్నాడట. షాపు వెనక గదిలో కూర్చుని, తీగ తనే కత్తిరించి, రెండు మూడు సాయంత్రాల్లో కొలిచినట్టు సరిగ్గా సగం తాగేసి వెళ్ళాడట.

“తమ్ముణ్ణి పిలవనా అన్నాను” అన్నాడు మందుల షాపాయన. “ఇక్కడిక్కడేగా, పది నిమిషాల్లో వస్తాడన్నాను. వద్దన్నాడు. వాడికి చెప్పకు అన్నాడు. పెద్దవాడు, అందులోనూ జబ్బు మనిషి, కాదనలేకపోయాను.”

నువ్వుగింజ నానని నోరు ఈ ఒక్క విషయాన్ని మాత్రం నెలల తరబడి నానబెట్టింది చూడండి.

లిఫ్టాయన కుర్చీలో వెనక్కి వాలాడు. “నేను ఫోను చేసింది పోయిన నెల” అన్నాడు, తనలో తనే అనుకుంటున్నట్టు. “సీసా అలాగే ఉందన్నాను. వస్తానన్నాడే. అప్పటికే తాగేసి ఉండి, వస్తానన్నాడా?”

“మొన్న మాత్రలకొచ్చినప్పుడు అదే అడిగాను, ఆదివారం వెళ్ళి ఏం చెబుతావని. శనివారం నన్నే నీకు ఫోను చెయ్యమన్నాడు. బీరువా సర్దుతుంటే చెయ్యి జారి సీసా పగిలిపోయిందని చెప్పమన్నాడు. ఆ అబద్ధం చెప్పలేను. ఈ నిజమూ చెప్పలేను. నోటితో చెప్పలేకే నీ ముక్కుకి వదిలేశాను.”

“ఎంత గొప్ప పని చేశావయ్యా” అన్నాడు లిఫ్టాయన. ఆయనకి ఏడుపొస్తోంది, నలుగురిలో ఏడవడం చేతకావడం లేదు. నేస్తం మీద కోపం, అన్న మీద కోపం, అన్నిటికంటే ఇంత వయసొచ్చి కొత్త గ్లాసులు కొనుక్కున్న తన మీద కోపం. అడిగితే మొత్తం సీసా ఇచ్చేసేవాడు. పక్కన కూర్చుని, ఒక్క చుక్క తాగకుండా, అన్నయ్యకి పోసేవాడు. అది అన్నయ్యకి తెలీదా? తెలుసు. తెలిసే వద్దన్నాడు.

“నా మాట విని ఇంటికెళ్ళండి. రేపు తీరిగ్గా మాట్లాడొచ్చు” అంది టీచరమ్మ.

ఆయన వినలేదు. జేబులోంచి ఫోను తీశాడు. ఒకవేళ మందుల షాపాయనదే అబద్ధమేమో. తాగిన సంగతి అన్నయ్య తనంతట తానే చెప్పేస్తాడేమో. చెబితే చాలు, ఆ క్షణంలోనే క్షమించెయ్యడానికి తయారుగా ఉన్నాడు. నంబరు నొక్కి, చెవి దగ్గర కాకుండా బల్ల మీద అందరికీ వినబడేలా పెట్టాడు.

“ఏరా” అంది అన్నయ్య గొంతు.

“ఏం లేదన్నయ్యా. ఎల్లుండి వస్తున్నావు కదా అని.”

“రాకుండా ఎలా ఉంటాన్రా.”

“సీసా గురించి ఏమన్నా చెప్పాలా నువ్వు?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఫోను వంకే చూస్తున్నారు.

“చెప్పడానికేముందిరా. నేనొచ్చేదాకా దాని జోలికి పోకు, అంతే” అన్నాడు అన్నయ్య, ఎంతో ప్రేమగా. “ఆ మూత ఊడే చప్పుడు ఇద్దరం కలిసి వినాలి.”

“సరే అన్నయ్యా” అన్నాడు లిఫ్టాయన.