ముందు మేస్త్రీ ఎక్కాలి

లిఫ్టుల మేస్త్రీకి లోకంలో ఒక్క రకం మనుషులంటేనే అసహ్యం. లిఫ్టు ఆగిపోతే అరిచేవాళ్ళు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుని, తలుపులు బాదుతూ, దేవుణ్ణీ మేస్త్రీనీ ఒకే గొంతుతో పిలిచేవాళ్ళని బయటికి లాగి, "తాడు తెగదు, గాలి ఆగదు, ఊరికే గుండెలు బాదుకోవడం దేనికి?" అని నలుగురిలో కడిగేసేవాడు. ఇంటికొచ్చి ఆ కథ అత్తగారికి చెబితే ఆవిడ పడీ పడీ నవ్వేది. ఉప్పూ నిప్పూలాంటి ఆ అత్తా అల్లుళ్ళకి కుదిరిన ఒకే ఒక్క సంగతి అది.

అలాంటి మొనగాడికి ఒకనాడు ఏదో ఆఫీసు లిఫ్టులో, ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఇక పోయానే అనుకున్నాడు. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె గుండ్రాయిలా ఉందని చెప్పి, మానసిక వైద్యం చేసే డాక్టరమ్మకి చీటీ రాసిచ్చారు. ఇంకొకడైతే బతికానురా దేవుడా అనుకునేవాడు. ఈయనగారికి మాత్రం ఒళ్ళు మండింది. గుండెజబ్బయితే చుట్టాలు పళ్ళు పట్టుకుని వస్తారు, భయం జబ్బుకి ఎవడొస్తాడు? చీటీ చింపి పారేశాడు.

చింపితే పోయేది చీటీయే గాని జబ్బు కాదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మళ్ళీ వచ్చింది. వస్తుందేమో అన్న బెంగ దానికంటే ముందే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. పనిలోకి మెట్లెక్కి పోవడం, ఎవరైనా అడిగితే ఒంటికి మంచిదని ఉపన్యాసం ఇవ్వడం అలవాటు చేసుకున్నాడు. అబద్ధానికి ఆరోగ్యం మంచి ముసుగు.

సరిగ్గా అప్పుడే వాళ్ళుండే భవనంలో లిఫ్టు బ్రేకు పట్టీలు అరిగాయి. కొత్తవి వేశాడు, చక్కగా వేశాడు. కానీ ఆ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. బ్రేకు విప్పినవాడు ముందు తానొక్కడే పైదాకా ఎక్కి, దిగి చూడాలి. ఆ తరవాతే "మరమ్మతులో ఉంది" అన్న బోర్డు తియ్యాలి. ఎక్కకుండా బోర్డు తీసే పాపం చెయ్యలేదు, అంతవరకు మెచ్చుకోవచ్చు. ఎక్కనూ లేదు. సాటి మేస్త్రీని పిలిచి తన బదులు ఎక్కమన్నా కట్టుబాటు ఒప్పుకునేది, సంగతి క్షణంలో తేలిపోయేది. పిలిస్తే పరువు పోతుందిగా! "విడిభాగం ఇంకా రాలేదండీ" అంటూ వారాల తరబడి భవనమంతటినీ మెట్లెక్కించాడు. ఒకడి పరువు కోసం అందరి మోకాళ్ళూ అరిగాయి.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది అత్తగారు. కాపురం అన్నిటికంటే పైనున్న అయిదో అంతస్తులో, మోకాళ్ళు ఏనాడో సమ్మె కట్టాయి. ఎదురు వీధిలో నేల మీది ఇంట్లో ఆవిడ అక్క మంచం పట్టి ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి దించుతామని కూతురంటే, "పోయాక ఎలాగూ మోస్తారు, ఇప్పట్నుంచే ఎందుకు? మా అల్లుడున్నాడు, విడిభాగం రాగానే బాగు చేస్తాడు" అంది. ఆ మాట వింటూ అల్లుడు కంచంలో తలపెట్టుకుని తిన్నాడు.

చివరికి భార్యే పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకుపోయింది.

"తాడు తెగదని నాకు తెలుసండీ," అన్నాడు వెళ్ళీ వెళ్ళగానే, బడాయిగా.

"తెలిస్తే పోయే జబ్బయితే మీకు రానే రాకూడదు," అంది డాక్టరమ్మ. "ఒంట్లో ప్రమాదం గంట ఒకటుంటుంది. మీది నిప్పు లేకుండానే మోగుతోంది. లిఫ్టు తప్పించుకున్నప్పుడు హాయిగా ఉంటుందా?"

"ఉంటుందండీ."

"ఆ హాయే దానికి తిండి. మీరు మేపుతున్నారు, అది బలుస్తోంది."

రోజూ వేసుకోమని మాత్రలిచ్చింది, పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందంది. మాత్రలతో పాటు సాధన. ముందు తలుపు తీసిన లిఫ్టులో నిలబడాలి, తరవాత తలుపు వేసి, తరవాత ఒక అంతస్తు. భయం రాకుండా చూసుకోవడం కాదు, వచ్చినప్పుడు పారిపోకుండా ఉండాలి. పెరిగినంత పెరిగి దానంతటదే దిగుతుందట. ఎవరూ లేనప్పుడు బోర్డు వెనక్కి దూరి, కదలని లిఫ్టులో తలుపు వేసుకుని నిలబడేదాకా వచ్చాడు మన వీరుడు. అక్కడే ఆగాడు.

ఒక పొద్దున ఎదురు వీధి అక్కగారింటి నుంచి కబురొచ్చింది. పెద్దావిడకి ఊపిరి బరువైంది, చెల్లెల్ని చూస్తానంటోంది. అత్తగారు చీర మార్చుకుని వచ్చి, "అల్లుడూ, విడిభాగం ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగింది. అంత నమ్మకంగా అడిగేసరికి అబద్ధం గొంతు దాటలేదు.

"లిఫ్టు ఎప్పుడో బాగైంది అత్తయ్యా. ముందు నేనెక్కి చూడాలి. నాకే భయం."

ఆవిడ అతన్ని కిందనించి పైదాకా చూసింది. "భయపడితే పడ్డావు. దాన్ని దాచుకోవడానికి నా కాళ్ళు కట్టేశావు. థూ!"

అతను మెట్లు దిగిపోయాడు. బోర్డు వెనక్కి దూరి, లోపలికెళ్ళి మీట నొక్కాడు. డాక్టరమ్మ చెప్పిన వరసలో ఇది ఇంకా ఎంతో దూరాన ఉంది. గుండె గొంతులోకొచ్చింది, గోడలు మీదికొచ్చాయి. అరిచాడు కూడా. అచ్చం తాను వెక్కిరించినవాళ్ళలాగే, తలుపులు బాదుతూ. పైన అత్తగారి ఎదుట తలుపు తెరుచుకునేసరికి చొక్కా తడిసి ముద్దై, నేల మీద చతికిలబడి ఉన్నాడు.

"దిగి కూడా చూడాలి అత్తయ్యా, అప్పుడే మీరు. కాసేపాగితే తగ్గుతుంది..."

"తగ్గేదాకా ఆగితే మా అక్క ఆగదు. దిగుతూ తగ్గించుకో."

అలాగే దిగి, బోర్డు తీసి గోడకి ఆనించి, అలాగే మళ్ళీ ఎక్కాడు. రెండోసారి పైకొచ్చేసరికి నిలబడే ఉన్నాడు. ఆవిడ లోపలికొచ్చి, కిందికి దిగేలోపు జబ్బు సంగతంతా, మాత్రలతో సహా, అతని చేత కక్కించింది.

అక్క మంచం చుట్టూ చుట్టాలు నిండి ఉన్నారు. "ఇన్నాళ్ళూ ఏమైపోయావే?" అంది అక్క, మాటమాటకీ ఆయాసపడుతూ.

"లిఫ్టుకేం రోగం లేదక్కా," అంది అత్తగారు అందరికీ వినబడేలా. "మా ధీరుడికి భయం జబ్బట. గుండె దడట, ఊపిరాడదట, తలుపు దాటడానికి చెమటలట. మాత్రలు కూడా మింగుతున్నాడు." చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రీ గుమ్మం దగ్గరే తల దించుకున్నాడు.

అక్క నవ్వలేదు. చెల్లెలి చెయ్యి వెతికి పట్టుకుంది.

"అమ్మకీ అదే కదే. గడప దాటాలంటే చెమటలు పట్టి కూలబడేది, గుర్తులేదూ?" కాసేపు ఊపిరి కోసం ఆగింది. "మనిద్దరం గుమ్మంలో నిలబడి నవ్వేవాళ్ళం."

అత్తగారు అల్లుడి వైపు తిరిగి, తన పక్కనున్న కుర్చీ అతనికి జరిపింది.