పట్కారు నడక

రాఘవేందర్‌ది చిక్కడపల్లిలో ఒక ఫొటో స్టూడియోలో పని. రోజంతా పరీక్షల దరఖాస్తులకు పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాడు. ఖాళీ దొరికితే వస్తువులను నడిపించేవాడు. కదలని వస్తువును వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్ళీ జరిపి ఇంకొకటి. అన్నీ వరసగా తిప్పితే అది తనంతట తానే కదిలినట్టుండేది. ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాడు.

2012 ఎండాకాలంలో, అశోక్‌నగర్‌లో తాను తినే మెస్ నుంచి ఒక పాత పట్కారు అడిగి తెచ్చుకున్నాడు.

"పొయ్యి మీది గిన్నె దించేదానితోని సిన్మా ఏంది బిడ్డా?" అని నవ్వుతూనే ఇచ్చింది, మెస్ నడిపే లక్ష్మవ్వ.

రెండు కాళ్ళున్న వస్తువు, నడిపించడం తేలికనుకున్నాడు. కాళ్ళ కింద మైనం అంటించి నిలబెట్టాడు. నడిచింది గానీ, ఇనుములాగే నడిచింది.

ఒకరోజు అన్నం తింటూ లక్ష్మవ్వ నడక చూశాడు. కుడి అడుగు వేసేముందు కొంచెం ఆగుతుంది. భుజం కుంగుతుంది. ఆ తర్వాత కాలు నేలను రాసుకుంటూ వస్తుంది. చేతిలో ముద్ద మరిచిపోయి చూశాడు. ఆ ఆగడం, ఆ కుంగడం పెట్టాక పట్కారుకు ప్రాణమొచ్చింది. ఆ సంబరంలో నడక ఎవరిదన్న సంగతే అతనికి గుర్తు లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మెస్‌లోనే కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆ సినిమాను ప్రొజెక్టర్‌తో గోడమీద వేసి చూపించాడు. అక్కడ తినే హాస్టల్ పిల్లలంతా కూర్చున్నారు. పట్కారు నాలుగడుగులు వేసిందో లేదో, శ్రీపతి అనే కుర్రాడు అరిచాడు.

"అరె, గిది మన లక్ష్మవ్వ గదరా!"

"మజ్జిగ బకెట్ ఒక్కటే తక్వ!" అన్నాడు ఇంకొకడు.

గది దద్దరిల్లింది. "అన్నా, కిరాక్ తీసినవ్!" అంటూ ఎవరో రాఘవేందర్ వీపు చరిచారు.

మజ్జిగ బకెట్‌తో గోడవార నిలబడ్డ లక్ష్మవ్వ కూడా నవ్వింది. "మంచిగనే దింపినవ్ బిడ్డా," అంది.

పిల్లలు వెళ్ళిపోయారు. రాఘవేందర్ దుప్పట్లు విప్పి, వైర్లు చుట్టాడు. లక్ష్మవ్వ ఉన్నచోటనే ఉంది. వంటగది గుమ్మం ఎంతో దూరం లేదు.

"అవ్వా, బకెట్ ఇటియ్యి, లోపల పెడ్త."

"వద్దు. నువ్వు పో బిడ్డా."

అప్పుడర్థమైంది. అతను వెళ్ళేదాకా ఆమె అడుగు వేయదు.

తల ఎత్తలేక, పట్కారు బల్లమీద పెట్టి బయటికొచ్చాడు. మెట్ల దగ్గర చెప్పుల్లో కాలు పెడుతుంటే లోపల్నుంచి వినబడింది. ఒక అడుగు. కొంచెం ఆగడం. నేలను రాసుకుంటూ ఇంకో అడుగు. పట్కారుకు తాను పెట్టింది సరిగ్గా అంతే. వెంట్రుకవాసి తేడా లేదు.

చెప్పులు చేత్తో పట్టుకొని, చప్పుడు కాకుండా మెట్లు దిగాడు.