పన్నెండు జతల ఎర్ర కొమ్ములు

మొన్న ఏరువాక పున్నమికి నేను చేసిన ఘనకార్యం చెప్త, వినుండ్రి. నా భార్య సుశీల లేకుంటే డాక్టరమ్మ ముంగట నా ఇజ్జత్ మొత్తం పోతుండె!

మీకు తెల్సు గదా, కొడంగల్ కాడ మా షెడ్ల పన్నెండు దున్నలను మేపుతున్న. ఎంత దాణా పెట్టినా ఒళ్లు చేస్తలేవు. కడుపుల నట్టలు, చెవులల్ల నెత్తురు తాగే గోమార్లు. మస్తు పరేషాన్! పశువుల డాక్టరమ్మ వచ్చి, "అన్నా, ఆరు దున్నలకు తాగే మందు పోద్దాం, ఇంకో ఆరు దున్నలకు సూది వేద్దాం. మూడు వారాలకు ఏది మంచిగ పనిచేసిందో చూసి, మిగిలినవాటికి గూడ అదే ఇద్దాం" అన్నది. చెవులకు వేసే నంబర్ బిళ్లలు గూడ తెచ్చింది.

"పాపం, చెవులెందుకు కుట్టుడు మేడం? సూది పడ్డ ఆరింటి కొమ్ములకు ఎర్రరంగు వేస్త" అన్న. వేసిన. నా తెలివికి నేనే మురిసిన.

ఇంతల పున్నమి వచ్చింది. ఊర్ల ఎడ్లన్నీ రంగు కొమ్ములతోని తిరుగుతున్నయి. మరి నా దున్నలు ఏం పాపం చేసినయి? డబ్బాల రంగు మిగిలే ఉండె. బోసిగ ఉన్న ఆరింటి కొమ్ములకు గూడ పూసేసిన. ఎంత ముద్దుగ కనబడ్డయో!

తెల్లారితోని మూడు వారాలు నిండినయి, డాక్టరమ్మ వచ్చింది. "అన్నా, సూది పడ్డయి ఏవి?"

"ఎర్ర కొమ్ములయి, మేడం..." అని తిరిగి చూసిన. పన్నెండు జతలూ ఎర్రగనే ఉండె!

"దేనికి ఏం పడ్డదో తెల్వకుంట మళ్లీ మందెట్ల ఇస్తనన్నా? మోతాదు ఎక్కువైతే?"

సుశీల పేడ తట్ట దించి వచ్చింది. "ఇగో, ఇది సూదికి నన్ను గోడకు ఒత్తింది. గిది మందు మింగకుంట నా చీర మీద ఊంచింది." గట్ల చెప్పుకుంట అటు ఆరు, ఇటు ఆరు నిలబెట్టింది. డాక్టరమ్మ చెవులు మలిపి చూసింది. సూది దిక్కు అన్నీ సాఫ్. మందు దిక్కు గోమార్లు ఎక్కడియి అక్కడనే! ఒక్కటి తప్పు పోలే.

"గుర్తులేం పెట్టుకున్నవక్కా?"

"గుర్తులెందుకు మేడం? రోజూ మొఖాలు చూస్తనే ఉంట గదా."

నిజం చెప్తున్న, ఆమెకు చేతులెత్తి మొక్కబుద్ధయింది. నేను కొమ్ములు చూసిన, ఆమె దున్నలను చూసింది.

ఆ పూటనే అన్నింటి చెవులకూ నంబర్ బిళ్లలు పడ్డయి. సంచిల ఒక్కటి మిగిలింది. సుశీల దాన్ని చూసింది, నన్ను చూసింది.

"మేడం, అది గూడ వేసి పోండ్రి."

నేను రెండు చెవులూ మూసుకొని బయటికి ఉరికిన!